కదపకూడని చెయ్యి

"చెయ్యి కదపకండమ్మా, డాక్టరుగారు రౌండ్లు ముగించుకుని వచ్చేస్తారు" అని చెప్పి టెక్నీషియనమ్మ నా కుడిచేతిని తువ్వాలులో చుట్టి, దానిమీద వేడినీళ్ల సంచి ఆనించి, పక్కగదిలోకి వెళ్లిపోయింది. కదపకూడదట. ఒక్క వేలు కూడా. ఈ చెయ్యి నా మాట వినడం మానేసి ఏడాది దాటింది, ఇవాళ కదలొద్దంటే మాత్రం కదలాలని ఒకటే దురద. బల్ల మీద రెక్సిన్ చిరిగి, లోపలి స్పాంజి ముక్క మోచేతికి గుచ్చుకుంటోంది. నరాల పరీక్ష యంత్రం మీద ఎవరో ఇంటినుంచి తెచ్చిన పువ్వుల గుడ్డ కప్పారు. నా కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మా ఆయన పేపరు చదువుతున్నాడు, చదవడం కాదు, మడతలు పెడుతున్నాడు. ఇందాకే కిందికి వెళ్లి ఒకటి కాల్చి వచ్చాడు. ఆ వాసన ఆయనకంటే ముందు గదిలోకి వచ్చింది, ఆయన కూర్చున్నాక కూడా అది నిలబడే ఉంది. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి కాలుస్తాడు. ఏమన్నా అంటే "కిటికీ తీశాను కదా" అంటాడు. గాలి బయటికే కాదు లోపలికి కూడా వీస్తుందన్న సంగతి ఆయన ఆఫీసులో ఎవరూ చెప్పలేదు కాబోలు. రైళ్ల రాకపోకల వేళలు వేసే ఆఫీసు అది. ఏ బండి ఎప్పుడు వస్తుందో చెప్పగలడు, ఇంట్లో మనిషి లేవలేకపోతోందని మాత్రం ఏడాదైనా కనిపెట్టలేకపోయాడు.

చెయ్యి వెచ్చగా ఉండాలి, ఎందుకంటే చల్లబడ్డ చెయ్యి ఉన్న జబ్బును దాచిపెడుతుంది. కదిలిన చెయ్యి అంతకంటే పెద్ద అబద్ధాలకోరు. పోయినసారి ఇదే బల్ల మీద నా చెయ్యి చెప్పిన అబద్ధం ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది, కాఫీ కలుపుతున్నప్పుడు వినిపిస్తుంది, ఫోన్లో ఆడపడుచు గొంతులో వినిపిస్తుంది. "వదినకి ఏ రోగమూ లేదట అన్నయ్యా, పరీక్షలో తేలిందిగా, ఒంట్లో కాదు మనసులోనే ఉంది, రిటైరయ్యాక పొద్దుపోక అలా అవుతుందిలే." ఆవిడ గొంతు పెద్దది, ఫోను ఆయన చెవి దగ్గరున్నా వంటింట్లోకి వినబడుతుంది. వినబడాలనే మాట్లాడుతుందేమో కూడా. మనసులో ఉందట. నా మనసులో ఏముందో వినే ధైర్యం ఉంటే రమ్మనండి, ఒక పూటంతా చెబుతాను.

ఇది మొదట కుర్చీతో మొదలైంది. సోఫాలోంచి లేవబోతే తొడలు పలకలేదు, నొప్పి లేదు, తిమ్మిరి లేదు, లే అంటే లేవలేదు, అంతే. మళ్లీ లే అన్నాను, మళ్లీ అన్నాను, నాలుగోసారో ఐదోసారో లేచాను. లేచాక బానే నడిచాను, గుమ్మం దాకా ఎవరో తరిమినట్టు నడిచాను. అదే నా కొంప ముంచింది. కుంటుతూ నడిచి ఉంటే జాలిపడేవాళ్లు. లేవనని మొరాయించిన మనిషి లేచాక చకచకా నడిస్తే చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది. "కూర్చున్నచోట పని అందిస్తే బాగుండుననుకుంటావు" అన్నాడు ఆయన, నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటలు ఏడుస్తూ అన్నవాటికంటే లోతుగా దిగుతాయి. అప్పటినుంచి ఒక దొంగ అలవాటు చేసుకున్నాను. ఎవరన్నా వచ్చినప్పుడు, లేవాల్సిన క్షణం వస్తోందని తెలియగానే, శాలువా కింద తొడలు బిగించి వదలడం, బిగించి వదలడం, వాళ్లు వెళ్తామనే లోపు కండరాల్ని రాజుకునేలా చేసుకోవడం, అప్పుడు ఒక్క ఊపున లేచి గుమ్మం దాకా సాగనంపడం. చేతులకీ అంతే. గ్లాసు అందుకోవాలంటే ముందు శాలువా కిందే వేళ్లు చాచి ముడిచి, చాచి ముడిచి. చేతిలోంచి జారితే మాట పడాలి కదా. నోరు ఎప్పుడూ ఎండిపోయేది, దాన్ని కూడా నీళ్లతో దాచేశాను. జబ్బును దాచడంలో ఎంత ఆరితేరానంటే చివరికి దాన్ని పట్టుకోవాల్సిన యంత్రం నుంచి కూడా దాచేశాను.

నవ్వొస్తోంది. ఎందుకంటే ఈ సంగతి లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైన దాన్ని. ఏటేటా అదే పాఠం, అదే బోర్డు, సుద్ద పొడి ముక్కులోకి పోయి దగ్గుతూ అదే బొమ్మ. నరం చివర ఉబ్బెత్తుగా ఒక మొగ్గ, దానికి ఎదురుగా కండ, మధ్యలో వెంట్రుకలో వెయ్యోవంతు సందు. కబురు కరెంటుగా ఇక్కడిదాకా వస్తుంది, కానీ ఈ సందు దూకలేదు, అని చెప్పేదాన్ని. దూకాలంటే మందు కావాలి. ఆ మందు బుల్లి బుల్లి తిత్తుల్లో నింపి మొగ్గలో సిద్ధంగా ఉంటుంది. తిత్తులు వాటంతటవి పగలవు, కాల్షియం లోపలికి రావాలి. కాల్షియం మొగ్గ బయట కిక్కిరిసి ఉంటుంది, లోపల దాదాపు ఉండదు, దానికని గోడలో తలుపులున్నాయి, వేరే ఎవరికీ తెరుచుకోవు. కబురు వచ్చి తాకగానే ఆ తలుపులు తెరుచుకుంటాయి, కాల్షియం తోసుకుంటూ లోపలికి పడుతుంది, తిత్తులు గోడకు అతుక్కుని పగులుతాయి, మందు సందులోకి ఒలుకుతుంది, అవతల కండ ముడుచుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో వందోవంతు కూడా పట్టదు. వెనక బెంచీలో ఆవలించిన వాడిని చూపించి, ఇప్పుడు మీరు ఆవలించారే నాయనా, దానిక్కూడా ఇంత తతంగం జరిగింది, కాస్త మర్యాదగా ఆవలించండి, అనేదాన్ని. క్లాసంతా నవ్వేది. తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుంది మేడమ్ అని ఎవరన్నా అడిగితే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టవుతుంది, పరీక్షలో ఇది రాయకు, అనేదాన్ని. ఎంత తేలిగ్గా అన్నాను.

ఆ ఏళ్లలో ఒకడు, ఇప్పుడు రౌండ్ల నుంచి రావాల్సినవాడు, నోటి పరీక్షలో నా ఎదురుగా చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మొగ్గ దాకా కబురు వచ్చింది, తలుపు తీయించుకుని లోపలికి వచ్చేదెవరు, అన్నాను. సోడియం, అన్నాడు. ఇంకొకసారి ఆలోచించు, అన్నాను. సోడియమే మేడమ్, అన్నాడు, గట్టిగా, గట్టిగా అంటే నిజమైపోతుందన్నట్టు. కోర్సు అయ్యేదాకా వాడి పేరు సోడియం. ఇప్పుడు నరాల విభాగం మొత్తానికి పెద్ద, చెవుల దగ్గర నెరిసింది, జనం ఆయన గది ముందు వరండాలో పొద్దున్నుంచి కూర్చుంటారు. నాకు మాత్రం సోడియమే. పోయినసారి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ తానే జరిపాడు, కళ్లు నిజంగానే మెరిశాయి. అంత గౌరవం చూపించాక ఎవరన్నా కుర్చీలోంచి లేవలేకపోవడం బాగుంటుందా. అందుకని ఇక్కడ కూడా అదే పని చేశాను. అతను మాట్లాడుతున్నంతసేపూ, టెక్నీషియనమ్మ చేతికి యంత్రం తీగల బిళ్లలు అతికిస్తున్నంతసేపూ, దుప్పటి కింద వేళ్లు చాచి ముడిచాను, చాచి ముడిచాను. నా శిష్యుడి ముందు నా చెయ్యి ఓడిపోకూడదు, అంతే నా తాపత్రయం. తెరమీద మొదటి గీత చక్కగా కొండలా లేచింది. బాగుంది కదా అని రెండోది తీయనే లేదు. "నరాలూ కండరాలూ భేషుగ్గా ఉన్నాయి మేడమ్, కొంచెం దిగులేమో" అన్నాడు సోడియం, దిగులు అనే మాటను దూదిలో పెట్టి అందించాడు.

ఇంటికెళ్లేటప్పుడు కారులో ఆయన ఈల వేశాడు. సంతోషం. పెళ్లానికి జబ్బు లేదని సంతోషం అని నేనూ అనుకుందామని చూశాను, కొంతదూరం నమ్మాను కూడా. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అన్నాడు, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస." ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాదు, అదే కదా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన తుంటి విరిగినప్పుడు డాక్టర్లందరూ ఇక కర్ర వదలలేవన్నారు, ఆయన వదిలాడు. హాల్లో గోడ పట్టుకుని, చెమటలు కారుతూ, పళ్లు కొరుక్కుంటూ నడిచాడు, ఒకరోజు కర్రను అటక మీద పారేశాడు. ఆ కర్ర ఇంకా అక్కడే ఉంది, చుట్టాలొస్తే చూపిస్తాడు. పట్టుదల ఉంటే చాలు అనేది ఆయన ఒంటిమీద రుజువైన మాట. ఒకసారి ఒకరి ఒంటిమీద రుజువైన మాటను ఇంకొకరి ఒంటిమీద కప్పకూడదని ఎవరు చెప్పాలి. అప్పుడు ఆయన చంక కింద భుజం పెట్టి నిలబడింది నేనే. ఆ సంగతి ఆయన చెప్పే కథలో రాదు, కర్ర మాత్రం వస్తుంది.

ఆ తర్వాత తేనె సీసా. మూత తిరగలేదు. మళ్లీ పట్టాను, తిరగలేదు, మళ్లీ, మళ్లీ, ఆయన వెనకనుంచి చూస్తున్నాడని తెలిసి ఇంకా గట్టిగా, ఒక్కసారిగా వచ్చేసింది. "చూశావా" అన్నాడు. నేను మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన చూశావా అన్నది వేరు, నేను చూసింది వేరు. ఏ నీరసమైనా వాడేకొద్దీ పెరుగుతుంది. వాడేకొద్దీ బలం వచ్చే నీరసం ఏమిటి. బోర్డు మీద వేసిన మొగ్గ కళ్లముందుకు వచ్చింది. తలుపులు చాలామటుకు మూసుకుపోయి ఉంటే, తెరిచిన కాసిని తలుపుల్లోంచి వచ్చే కాల్షియం ఒక్క కబురుకి చాలదు. కబురు మీద కబురు పంపితే, ముందు వచ్చినది ఖాళీ అయ్యేలోపు ఇంకాస్త వచ్చి చేరుతుంది, పోగవుతుంది, తిత్తులు పగులుతాయి, కాసేపు చెయ్యి మళ్లీ చెయ్యి అవుతుంది. శాలువా కింద నేను ఏడాదిగా చేస్తున్న దొంగపని అదే. నా పాఠాన్ని నా తొడల మీదే ప్రయోగం చేసుకుంటూ గుర్తుపట్టలేదు. ఆ సాయంత్రమే ఆయనకు చెప్పాను, పిల్లలకు చెప్పినట్టు, బల్లమీద వేలితో బొమ్మ గీసి, తలుపులూ కాల్షియమూ అంతా. శ్రద్ధగా విన్నాడు. మర్నాడు బజారుకెళ్లి కాల్షియం బిళ్లల డబ్బా తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు, పెద్దది, తగ్గింపులో దొరికిందట. "రోజూ రెండు వేసుకో, ఇంతదానికా ఇంత గొడవ." బయట కాల్షియం కొదవేం లేదండీ, తలుపులే లేవు, అని మళ్లీ చెప్పడానికి నోట్లో తడి లేక ఊరుకున్నాను. డబ్బా సీలు ఇప్పటికీ తీయలేదు. తీయబోతే మూత రాలేదు, అది వేరే సంగతి.

సోడియంకి ఫోన్ చేసి, మళ్లీ పరీక్ష పెట్టు, ఈసారి నా చెయ్యి కదలనివ్వకు అన్నాను. ఎప్పుడు రాగలరు మేడమ్, అని మాత్రమే అడిగాడు. అర్థమైంది అతనికి. నాకు అర్థమైందంతా అతనికీ అర్థమైంది, మిగతా సగంతో సహా. ఆ మిగతా సగం మా ఆయనకు చెప్పలేదు. తలుపులు వాటంతటవి మూసుకోవు. ఒంట్లో రోగాలతో పోరాడే కాపలావాళ్లే వాటికి మేకులు కొడతారు. ఎందుకంటే, ఈ జబ్బున్న చాలామందిలో, అందరిలో కాదు, సగం మందిలో అనుకుంటాను, ఊపిరితిత్తుల్లో ఒక గడ్డ పుడుతుంది. ఆ గడ్డ గోడలకీ ఇవే తలుపులుంటాయి. కాపలావాళ్లు దొంగ ఇంటి తలుపులు చూసి గుర్తుపెట్టుకుని, ఊళ్లో అలాంటి తలుపు కనబడిన ప్రతి ఇంటినీ చితక్కొడతారు. దొంగ మాత్రం లోపలే ఉంటాడు. సిగరెట్లు కాల్చేవాళ్లకు వచ్చే గడ్డ అది. నేను ఒక్కటి కూడా ముట్టించలేదు. ముట్టించాల్సిన అవసరం లేకుండా, పెళ్లయినప్పటినుంచీ నాకోసం కూడా ఆయనే కాల్చాడు. హాల్లో, మంచం మీద, కారులో, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని బెంగతో రెట్టింపు. తలదిండు గలీబుల్లో, పరదాల్లో, నా జుట్టులో. కిటికీ తీశాను కదా.

కాబట్టి ఈ వేడిసంచి కింద ఉన్నది ఒక్క చెయ్యి కాదు. ఇప్పుడు తువ్వాలు లోపల నాలుగుసార్లు వేళ్లు చాచి ముడిస్తే చాలు, టెక్నీషియనమ్మ తలుపు చప్పుడయ్యేదాకా చేస్తూ ఉంటే చాలు, గీత కొండలా లేస్తుంది, భేషుగ్గా ఉన్నారు మేడమ్ అంటారు, ఆయన కారులో ఈల వేస్తాడు, నేను బద్ధకస్తురాలిగా ఇంటికెళ్తాను. బద్ధకస్తురాలు బతుకుతుంది. కదపకపోతే నా మాట నిజమవుతుంది, నిజమయ్యాక నా ఛాతీని ఫొటో తీస్తారు. ఇలాంటి బేరం ఎవరికన్నా పెట్టాడా దేవుడు. నా మాట నెగ్గాలంటే నేను చావాలి, చావకూడదంటే నాటకాలాడేదానిగా ఉండిపోవాలి. చిటికెన వేలు కదిలింది. నేను కదపలేదు, అదే కదిలింది, అలవాటు పడ్డ వేలు. భయమేసింది, చెప్పుకోడానికి సిగ్గెందుకు. నాకు బతకాలని ఉంది. ఇంకా చాలా ఉంది. కానీ నేనే ఒక అమాయకురాల్ని, ఈ బేరంలో అసలు బేరమే లేదు కదా. గడ్డ ఉంటే ఉంది, నా వేలు కదిపినంత మాత్రాన అది లేచి వెళ్లిపోదు. పోయేది నా మాట ఒక్కటే. వేలిని పడుకోబెట్టాను. పడుకో, అన్నాను, ఇన్నాళ్లూ లే లే అని నిన్ను చంపుకుతిన్నాను, ఈ ఒక్కసారికి పడుకో.

"ఇంకా ఎంతసేపట?" అన్నాడు ఆయన పేపరు మీదనుంచి.

"వస్తాడు."

"పోయినసారి తేల్చేశారుగా. మళ్లీ ఎందుకో."

ఆయన పేపరు ఇంకో మడత పెట్టాడు. ఆయనకీ లోపల ఎక్కడో భయం ఉందేమో, ఉంటే అది చేతుల్లోకి మాత్రమే వచ్చింది, పాపం ఆ పేపరు నలిగిపోతోంది. అడుగుల చప్పుడు. సోడియం వచ్చాడు, వెనకే టెక్నీషియనమ్మ. పువ్వుల గుడ్డ తీశారు. తువ్వాలు విప్పుతుంటే చేతికి గాలి తగిలింది.

"కదిపారా మేడమ్?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"నాకే నోటి పరీక్ష పెడుతున్నావా?"

నవ్వాడు, కానీ నవ్వు పైకే. టెక్నీషియనమ్మ చిటికెన వేలి మొదట్లో బిళ్ల అతికించింది, మణికట్టు దగ్గర కరెంటు పెట్టే కడ్డీ ఆనించింది. నేను అరచేతిని చూస్తూ ఉన్నాను, పెంచుకున్న కుక్కను డాక్టరు దగ్గర పట్టుకున్నట్టు, కదలకు, కదలకు. చురుక్కుమంది. చిటికెన వేలు వినీ విననట్టు ఉలిక్కిపడింది. తెరమీద గీత లేచింది, దాన్ని లేవడం అనొచ్చా, చీమల పుట్టంత. సోడియం తెరవైపు చూస్తూ, నావైపు తిరక్కుండా, చాలా మెల్లగా అన్నాడు, "కాల్షియం, మేడమ్."

"పాస్," అన్నాను. నేను పిచ్చిదాన్ని కాదు, నేను సోమరిని కాదు, మద్దెల నిజంగానే ఓడు. ఆ ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్తే ఎవరూ నమ్మరు.

"ఇప్పుడు చిటికెన వేలు బయటికి తొయ్యండి, నా వేలికి ఎదురుగా, గట్టిగా, నేను ఆపమనేదాకా." తోశాను. ఏడాది దిగులంతా పెట్టి తోశాను. ఆపమన్నాడు. వెంటనే చురుక్కుమంది. ఈసారి గీత ఆకాశానికి లేచింది, ఇందాకటి పుట్ట మీద మూడు నాలుగు పుట్టలు పేర్చినా అందనంత. జబ్బు పేరు తెరమీద రాసి చూపించినట్టే. ఆ కొండకు అర్థం అదే, ముందు పుట్టలా ఉండి, తోశాక కొండలా లేవడమే.

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన లేచి నిలబడ్డాడు, మొహం విప్పారింది. "చూశారా డాక్టరుగారూ! నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. గట్టిగా తల్చుకుంటే తనకి రాకపోవడం అంటూ లేదు."

టెక్నీషియనమ్మ తలవంచుకుని తీగలు చుట్టసాగింది. సోడియం ఆయనవైపు తిరిగాడు.

"ఇంట్లో సిగరెట్లు కాలుస్తారా మీరు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి జేబు మీదకి వెళ్లింది. "నాకేం డాక్టరుగారూ, రాయిలా ఉన్నాను. దగ్గు కూడా లేదు."

"మేడమ్‌కి ఊపిరితిత్తుల స్కాన్ తీయించాలి. ఇవాళే."

"తనకా? తనెప్పుడూ ముట్టుకోలేదే," అన్నాడు ఆయన. అని ఆగిపోయాడు. ఆ మాట గదిలో అటూ ఇటూ తిరిగి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చినట్టుంది. "సరే, లే మరి, వెళ్దాం" అన్నాడు.

కాళ్లు బల్ల కిందికి వేలాడేసి కూర్చున్నాను. శాలువా ఒళ్లోనే ఉంది, తొడలు బిగించుకోవచ్చు, బిగించి వదిలి, బిగించి వదిలి, ఒక్క ఊపున దిగొచ్చు. బిగించలేదు. లేవబోయాను, లేవలేదు. అందరూ చూస్తుండగా అలాగే కూర్చున్నాను, ఏడాదిలో మొదటిసారి ఏమీ దాచకుండా.

"చెయ్యి ఇవ్వండి" అన్నాను ఆయనతో.

ఆయన కుడిచేతిలో నలిగిన పేపరుంది, ఎడమచెయ్యి ఇంకా జేబు మీదే, లోపలి సిగరెట్ పెట్టెను పట్టుకునే ఉంది. నా మాట చేరింది, మొహంలో కనబడుతూనే ఉంది. చెయ్యి మాత్రం రాలేదు.